మెక్సికోలో నాన్నకి పెట్టిన మొదటి ఒఫ్రెండా: నా అనుభవం

గ్వాదలహారా వచ్చిన రెండు నెలలకే దసరా వచ్చింది. 2023 అక్టోబరు 23. ఆ ఉదయం సంతకి వెళ్తే రోడ్డు పొడవునా బంతిపూలే, కుండీల్లో, కట్టలుగా, వ్యాన్ల వెనక గుట్టలుగా. మన ముద్దబంతే, అదే రంగు, అదే ఘాటు వాసన. పరాయి దేశంలో దసరాకి బంతిపూలు దొరికాయన్న సంతోషంలో నాలుగు కట్టలు కొనుక్కొచ్చి, దారానికి గుచ్చి గుమ్మానికి తోరణం కట్టాను. మామిడాకులు లేవు, అదొక్కటే లోటు. సాయంత్రం పక్కింటి పెద్దావిడ తలుపు తట్టింది. చేతిలో మూత పెట్టిన గిన్నె, మొహం నిండా దిగులు. గిన్నె కింద పెట్టి నా రెండు చేతులూ పట్టుకుని ఏదో అడిగింది. అప్పటికి నాకు అంకెలు, కూరగాయల పేర్లు తప్ప స్పానిష్ రాదు. ఫోన్‌లో అనువాదం పెడితే వచ్చిన మాట, "ఎవరి కోసం? మీ ఇంట్లో ఎవరు పోయారు?"

ఇక్కడ ఆ పువ్వుని సెంపసూచిల్ అంటారు. నవంబరు మొదట్లో వచ్చే చనిపోయినవాళ్ళ పండగకి ముందు, అక్టోబరు చివర్లో గుమ్మం దగ్గర ఆ పూలు పెట్టారంటే పోయినవాళ్ళకి దారి చూపిస్తున్నారని అర్థం. ఆ రంగూ వాసనా పట్టుకుని వాళ్ళు ఇంటికి వస్తారట. బంతి పుట్టిందే మెక్సికోలో, అక్కణ్ణించి మన దాకా వచ్చి మన గుమ్మాలకీ బతుకమ్మలకీ ఎక్కింది, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం "ఎవరూ పోలేదండీ, మా పండగ" అన్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకుని, గుండెల మీద చెయ్యి వేసుకుని, గిన్నె ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ రోజు ఎవరూ లేరని అంత తేలిగ్గా చెప్పగలిగాను. తర్వాతి ఏడాది అదే పూలు నాన్న కోసం కొన్నాను.

ఉద్యోగాల మీద మెక్సికో వస్తున్న మనవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఇక్కడి పండగల గురించి టూరిస్టులు రాసినవి చాలా దొరుకుతాయి, కానీ ఒక కాలనీలో ఏడాది పొడుగునా ఉంటే నిజంగా ఏం జరుగుతుందో, ఇంట్లో మనిషి పోయి మనం ఇంత దూరంలో ఉంటే ఈ పండగలు మనల్ని ఏం చేస్తాయో నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే వరసగా రాస్తున్నాను.

మొదలు జనవరి. 2024 జనవరి 5, శుక్రవారం. 6న ముగ్గురు రాజుల పండగ (బాల యేసుని చూడ్డానికి వచ్చిన రాజులు), అది శనివారం పడింది కాబట్టి ఆఫీసులో ఒక రోజు ముందే రోస్కా కోశారు. రోస్కా అంటే గుండ్రంగా, మధ్యలో ఖాళీతో, పైన చక్కెర పాకం పట్టిన పండ్ల ముక్కలు అతికించిన పెద్ద తీపి బ్రెడ్డు. లోపల వేలి గోరంత ప్లాస్టిక్ బొమ్మలు దాచి పెడతారు, బాల యేసు అని. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్ళు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ (మొక్కజొన్న పిండిలో కూర పెట్టి ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి, ఒక్కటైతే తమాల్) పెట్టాలి. మా టీములో పన్నెండు మందికి ఒక రోస్కా తెప్పించారు, మూడు బొమ్మలు ఉన్నాయి, ఒకటి నాకు వచ్చింది. తెలియని వాళ్ళకి ముందే చెప్తున్నా, ఇది ఆటగా మొదలైనా ఆట కాదు. నాలుగు వారాల పాటు ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ గుర్తు చేశారు. బొమ్మ వచ్చిన ముగ్గురం లెక్కేసుకుంటే తలా పాతిక తమాలెస్ వంతు వచ్చింది.

నాకు టెన్షన్ ఎక్కడ వచ్చిందంటే మేం శాకాహారులం. తమాల్ పిండి మొక్కజొన్నదే, కానీ అందులో పంది కొవ్వు కలుపుతారు. పచ్చిమిరపకాయలూ చీజూ పెట్టిన తమాల్ అని అడిగి కొన్నా సరే, లోపలి కూర శాకాహారమే కానీ పిండిలో కొవ్వు ఉంటుంది. మొదటి కొన్ని నెలలు ఈ సంగతి తెలియక ఎన్నిసార్లు తిన్నామో. అందుకని పక్కింటావిడని అడిగాను, ఇంట్లో చేసుకోవచ్చా అని. ఆవిడ నన్ను ఎప్పుడూ "మిహా" అంటుంది, అంటే "అమ్మాయీ, నా తల్లీ" అన్నట్టు. "ఫిబ్రవరి 1 సాయంత్రం రా, మిహా. పిండి నువ్వు తే, గిన్నె నాది" అంది.

పిండి కొట్టులో "తమాలెస్‌కి, కలపనిది" అని అడగాలి. ఏమీ చెప్పకపోతే కొవ్వు కలిపి సిద్ధంగా ఉన్నది ఇస్తారు. మూడు కిలోలకి 75 పెసోలు అయింది, అప్పుడు పెసో మన లెక్కలో దాదాపు 5 రూపాయలు. కొవ్వు బదులు వెన్న వేశాం. ఆవిడ పిండిలో చెయ్యి పెట్టి కొట్టడం మొదలుపెట్టింది, కొట్టిన కొద్దీ తెల్లగా తేలిగ్గా అవుతోంది. అరగంట అయ్యాక ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి చిన్న ఉండ అందులో వేసింది. మునిగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ వేసింది. ఈసారి ఉండ గ్లాసు అడుగు దాకా వెళ్ళినట్టే వెళ్ళి పైకొచ్చి తేలింది. నేను గట్టిగా అరిచినంత పని చేశాను, ఎందుకంటే మా అమ్మ గారెలకి మినప్పిండి రుబ్బి అచ్చం ఇదే చేస్తుంది, నీళ్ళ గిన్నెలో చిటికెడు పిండి వేసి తేలిందో లేదో చూసి గానీ మూకుడు పెట్టదు.

నానబెట్టిన మొక్కజొన్న పొత్తు ఆకుల్లో పిండి రాసి, కూర పెట్టి, మడిచి, పెద్ద ఆవిరి గిన్నెలో నిలువుగా పేర్చాం. పేర్చక ముందే గిన్నె నీళ్ళలో ఒక నాణెం వేసింది ఆవిడ. నీళ్ళు మరుగుతున్నంత సేపూ నాణెం గిన్నె అడుగున టకటక కొట్టుకుంటూనే ఉంటుంది. చప్పుడు ఆగిందంటే నీళ్ళు అయిపోయాయి, పోయాలి. గంటన్నర సేపు ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం. మధ్యలో నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. అమలాపురంలో అప్పుడు పొద్దున్న ఎనిమిది, చేతిలో కాఫీ గ్లాసు. "ఇవి మన పొట్టిక్కలే కదమ్మలూ, పనసాకు బుట్ట బదులు జొన్నపొత్తు ఆకు" అన్నాడు. నాణెం చప్పుడు వినిపించమని ఫోను గిన్నె దగ్గర పెట్టించుకున్నాడు. "డిసెంబరులో వస్తాం కదా, ఒకటి తినిపించు" అన్నాడు. అప్పటికి వాళ్ళ పాస్‌పోర్టులకి ఇంకా అప్లై చేయలేదు.

మధ్యలో నెలల గురించి ఎక్కువ రాయను. ఈస్టరు ముందు వారంలో (ఆ ఏడాది అది మార్చి చివర్లో పడింది) ఊరు ఖాళీ అయిపోతుంది, ఆఫీసుల్లో ఎవరూ దొరకరు. ఆ ముందు నలభై రోజులూ శుక్రవారాలు మాంసం తినరు కాబట్టి హోటళ్ళలో మనకి తినేవి నాలుగు ఎక్కువ దొరుకుతాయి, చేప మాత్రం మాంసం కింద లెక్కలోకి రాదు, అడిగి తినాలి. మే 10 అమ్మల రోజు, ఏ వారం అయినా అదే తారీఖు, ఆ రోజు ట్రాఫిక్‌లో బయటికి వెళ్ళకపోవడం మంచిది.

మే 21 సాయంత్రం 5 గంటలకి తమ్ముడి ఫోన్. అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. ఆ టైముకి ఫోన్ మోగిందంటేనే తెలిసిపోతుంది. నాన్న నిద్రలోనే వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, దయచేసి గుర్తు పెట్టుకోండి. నా రెసిడెంట్ కార్డు దరఖాస్తు ఒకటి అప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసులో నడుస్తోంది. ఆ మధ్యలో దేశం దాటాలంటే వెళ్ళి తిరిగి రావడానికి విడిగా అనుమతి కాగితం కావాలి, అది లేకుండా వెళ్తే దరఖాస్తు పోతుంది. మే 22 అంతా దానికే సరిపోయింది. అమెరికా వీసా లేదు కాబట్టి ఆ దారిన వెళ్ళలేను, మెక్సికో సిటీ నుంచి యూరప్ మీదుగా వెళ్ళాలి. ఆఖరి నిమిషం టికెట్టు 41,000 పెసోలు. 23న బయల్దేరి 25 పొద్దున్న హైదరాబాదులో దిగి, కారులో అమలాపురం చేరేసరికి సాయంత్రం. దహనం 22నే అయిపోయింది. ఆపమని నేను అడగలేదు, ఎండలు అలా ఉన్నాయి.

పెళ్ళైన ఆడపిల్లకి మూడు రోజులే మైల అన్నారు పురోహితులు. అంటే నేను ఇంటి గుమ్మంలో కాలు పెట్టే వేళకి నా వంతు రోజులు అయిపోయాయి. పదో రోజు, పదకొండు, పన్నెండు అన్నీ తమ్ముడు చేశాడు, నేను వంటింట్లో అమ్మ పక్కన కూర్చున్నాను. ఎవరి మీదా ఫిర్యాదుగా చెప్పడం లేదు, పద్ధతి అది, అందరూ నన్ను బాగా చూసుకున్నారు. కానీ నాన్న కోసం నా చేత్తో చేసింది ఒక్కటి కూడా లేదన్న బాధ మాత్రం విమానంలో నాతో పాటు తిరిగొచ్చింది.

జూన్ 9న గ్వాదలహారా చేరాను. పక్కింటావిడ తలుపు తీసి లోపలికి రమ్మంది. వాళ్ళ హాల్లో మరియమ్మ బొమ్మ ముందు అద్దం గ్లాసులో కొవ్వొత్తి, అడుగంటింది. దాన్ని వెలాదోరా అంటారు. మనిషి పోయాక తొమ్మిది రోజులు ప్రార్థన చేయడం వీళ్ళ ఆచారం. నేను వెళ్ళిన రోజు నుంచి ఆవిడ రోజూ సాయంత్రం మా నాన్న కోసం జపమాల తిప్పిందట. పేరు తెలియక "మా పక్కింటి అమ్మాయి వాళ్ళ నాన్న" అని చెప్పుకుందట దేవుడికి. నాన్న పోయాక నేను గట్టిగా ఏడ్చింది అక్కడే, ఆవిడ సోఫాలో. మరుసటి ఆదివారం, జూన్ 16, ఇక్కడ నాన్నల రోజు, ఏ షాపు చూసినా ఆ బోర్డులే, ఆ వారం నేను ఇంట్లోంచి కదల్లేదు.

సెప్టెంబరు 15 రాత్రి స్వాతంత్య్రం పండగకి కాలనీలో అందరూ రోడ్డు మీద బల్లలు వేసుకుని తిన్నారు, 11 గంటలకి వీవా మెహికో అని అరిచారు, మా పాపని పంపించి నేను కిటికీలోంచి చూశాను. అక్టోబరు 2న మహాలయ అమావాస్యకి తమ్ముడు గోదావరిలో తర్పణం వదిలి ఫోటో పంపాడు. అక్టోబరు 12 ఇక్కడ పెద్ద రోజు. సపోపన్ మరియమ్మ చిన్న విగ్రహాన్ని గ్వాదలహారా కేథడ్రల్ నుంచి పక్క ఊరు సపోపన్‌లోని పెద్ద చర్చికి ఊరేగింపుగా తీసుకెళ్తారు. తెల్లారకముందే మొదలు, లక్షల మంది నడుస్తారు, దారి పొడవునా ఈకల కిరీటాలు పెట్టుకుని కాళ్ళకి గింజల గజ్జెలు కట్టుకున్న నాట్య బృందాలు. 2018లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. ఆ రోజే మన విజయదశమి కూడా. తోరణం కట్టలేదు. అమ్మ వాళ్ళింట్లో ఏడాది వరకు పండగలు లేవు. నాకు ఆ నియమం వర్తించదని అత్తగారు ఫోన్ చేసి మరీ చెప్పారు, చేసుకోమన్నారు, ఆవిడ మంచికే చెప్పారు, కానీ నాకు మనసు రాలేదు.

ఆ సాయంత్రమే పక్కింటావిడ వచ్చింది. ఈసారి నా గుమ్మానికి పూలు లేవు. గుమ్మం వైపు చూసి, నా వైపు చూసి, "ఈ ఏడాది మీ నాన్నకి ఒఫ్రెండా పెడతావా?" అంది. ఒఫ్రెండా అంటే పోయినవాళ్ళ కోసం ఇంట్లో ఏర్పాటు చేసే పీఠం. ఇది మా మతం కాదు కదండీ అన్నాను. "మీ నాన్నకి ఆకలి వేస్తుంది కదా" అంది. అంతే. నాకు సమాధానం దొరకలేదు. అమ్మని అడిగాను. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు, "అక్కడ ఆడపిల్ల పెట్టొచ్చా?" అంది. ఎవరైనా పెట్టొచ్చమ్మా అన్నాను. "అయితే పెట్టు" అంది.

ఇక పని మొదలు. ఫోటో దగ్గరే మొదటి చిక్కు. నాన్న మంచి ఫోటో అంటే మా పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నదే, నవ్వు మొహం. బతికున్నవాళ్ళు ఉన్న ఫోటో పీఠం మీద పెట్టకూడదు అంది పక్కింటావిడ, మనమూ బతికున్నవాళ్ళ ఫోటోకి దండ వేయం కదా, వెంటనే అర్థమైంది. ఫోటో స్టూడియోకి ఇస్తే పాపని కత్తిరించి ఇచ్చారు. ఇంటికొచ్చి ఫ్రేములో పెట్టాక చూశాను, నాన్న చొక్కా కాలరు మీద పాప వేళ్ళు రెండు మిగిలిపోయాయి. గోళ్ళకి ఆ రోజు పెట్టిన గోరింటాకు కూడా కనిపిస్తోంది. మళ్ళీ వెళ్ళి చెరిపించాను. పాత ప్రింటు పారేయలేక నా పర్సులో పెట్టుకున్నాను.

వంట రెండో చిక్కు. పోయినవాళ్ళకి ఏది ఇష్టమో అదే పెట్టాలి, ఖరీదైనవి కాదు. నాన్నకి గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగదు. గ్వాదలహారాలో ఆకు నాకు ఎక్కడా దొరకలేదు. కానీ ఇక్కడ ప్రతి హోటల్లో హమైకా అని ఎర్రటి పుల్లటి షర్బత్ ఇస్తారు, అది చేసేది ఎర్ర గోంగూర కాయల మీద ఉండే రేకులతోనే, అదే మొక్క. ఎండబెట్టి కిలోల లెక్కన అమ్ముతారు. పావుకిలో తెచ్చి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఎండుమిర్చి, ఆవాలు, మెంతులు వేయించి రుబ్బాను. రంగు బాగా ఎరుపు, పులుపు మాత్రం అచ్చంగా అదే. రుచి చూడకుండా పెట్టాలని అమ్మ మాట, ఉప్పు సరిపోయిందో లేదో తెలియకుండానే పెట్టాను. మెక్సికోలో ఎక్కడున్న మనవాళ్ళకైనా చెప్తున్నా, గోంగూర కోసం వెతక్కండి, హమైకా కొనండి.

ఖర్చు అడుగుతారని రాస్తున్నాను. బంతి కుండీలు ఎనిమిది, ఒక్కోటి 30, మొత్తం 240. విడి పూలు రెండు కట్టలు 120. కత్తిరించిన రంగు కాగితాల తోరణం 60. వెలాదోరాలు ఆరు, 150. కోపాల్ ధూపం, అది వేసే మట్టి పాత్ర, బొగ్గు కలిపి 110. పాన్ దే ముయెర్తో అనే బ్రెడ్డు, పైన ఎముకల ఆకారంలో పిండి అతికించి చక్కెర అద్దుతారు, నాలుగుకి 140, దీంట్లో గుడ్డు ఎలాగూ ఉంటుంది, కొన్ని చోట్ల కొవ్వు కూడా వేస్తారు. చక్కెర పుర్రెలు మూడు 60. ఫోటో, ఫ్రేము 180. మొత్తం 1,060 పెసోలు, అప్పటికి పెసో పడిపోయి 4 రూపాయల పైచిలుకే కాబట్టి నాలుగున్నర వేల లోపు. పూలు అక్టోబరు 28 లోపు కొనేయండి, 31న వెళ్తే ధర పెరిగి, వాడినవి మిగులుతాయి. కోపాల్ పొగ మన సాంబ్రాణి కంటే ఎక్కువ, కిటికీలు తీసి గానీ వెలిగించకండి.

2024లో అక్టోబరు 31 మన దీపావళి. మా ఇంట్లో ప్రమిదలు బయటికి తీయలేదు. కానీ ఆ రాత్రి మూడు మెట్ల పీఠం మీద ఆరు వెలాదోరాలు వెలిగించాం, గుమ్మం నుంచి పీఠం దాకా బంతి రేకులతో దారి పోశాం, పాప ఒక్కో గుప్పెడు పోస్తూ వెనక్కి నడిచింది. పై మెట్టు మీద ఫోటో. కింద మంచినీళ్ళ గ్లాసు, దూరం నుంచి నడిచొచ్చిన దాహానికి. చిన్న గిన్నెలో ఉప్పు. స్టీలు గ్లాసులో ఫిల్టర్ కాఫీ, అన్నం, హమైకా పచ్చడి, నెయ్యి. ఒక తమాల్, ఆకు విప్పకుండా. దానికోసం 30వ తారీఖు రాత్రి పక్కింటావిడ మళ్ళీ గిన్నె తీసింది, నాణెం వేసింది. నాన్న సాయంత్రం పూట ఒక చుట్ట కాల్చేవాడు, అమ్మ ముప్పై ఏళ్ళు దాని మీద పోట్లాడింది. ఇక్కడ అలాంటివీ పెడతారు. అడుగుదామా వద్దా అనుకుంటూ అమ్మకి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. "పెట్టవే. అగ్గిపెట్టె కూడా పెట్టు, ఎప్పుడూ వెతుక్కుంటాడు" అంది.

నవంబరు 1 పోయిన పిల్లల రోజు, 2 పోయిన పెద్దల రోజు. 2 చట్టప్రకారం సెలవు కాదు, బడులు, బ్యాంకులు మూస్తారు గానీ ప్రైవేటు ఆఫీసులు వాళ్ళిష్టం. ఆ ఏడాది శనివారం పడింది కాబట్టి ఇబ్బంది లేదు, శుక్రవారం నేను సెలవు పెట్టాను. 1న పక్కింటావిడ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ పెద్ద పీఠం పక్కన కిందగా ఇంకో చిన్న బల్ల ఉంది. దాని మీద తెల్ల పూలు, తెల్ల వెలాదోరా, గ్లాసుడు పాలు, చిన్న చెక్క కారు. ఫోటో లేదు. ఆవిడ మొదటి కొడుకు, పదకొండు రోజులు బతికాడట, యాభై రెండేళ్ళ కిందట. వాడికి కారంటే ఇష్టమో కాదో తెలియదు, తమ్ముళ్ళు ఇష్టపడ్డారు కాబట్టి వాడూ ఇష్టపడేవాడేమో అని పెడతానంది. నేను ఆ బల్ల ఫోటో తీసి, ఈ మాట కూడా రాసి అమ్మకి పంపాను.

2న వాళ్ళతో పాటు స్మశానానికి వెళ్ళాను. నా నలభై ఏళ్ళ జీవితంలో స్మశానం లోపల కాలు పెట్టడం అదే మొదటిసారి. మన వైపు ఆడవాళ్ళని గేటు దాకా కూడా రానివ్వరు. ఇక్కడ బకెట్లతో నీళ్ళు మోసి, చీపుళ్ళతో రాళ్ళు కడుగుతున్నారు, పిల్లలు సమాధుల మధ్య పరిగెడుతున్నారు, పక్కనే డబ్బాలు విప్పి తింటున్నారు. పాటకి ఇంతని తీసుకుని వాయించేవాళ్ళు తిరుగుతున్నారు, 150 పెసోలు ఇచ్చి ఆవిడ తన భర్తకి ఒక పాట పాడించింది, పాడుతున్నంత సేపూ రాయి మీద చెయ్యి వేసి నిలబడింది. నా చేతికి కూడా ఒక చీపురు ఇచ్చారు. నేను వాళ్ళ మామగారి రాయి కడిగాను, మూలల్లో పేరుకున్న నాచు పుల్లతో గీకి మరీ కడిగాను. ఇంటికి రాగానే తలస్నానం చేశాను, అది మాత్రం మానలేకపోయాను, ఆవిడకి చెప్తే "నీళ్ళు వేడిగా ఉన్నాయా" అని మాత్రం అడిగింది.

3వ తారీఖు పీఠం తీసేశాం. వంట మనమే తినాలి, వాసన వాళ్ళు తీసుకున్నారు కాబట్టి చప్పగా ఉంటుందంటారు. నాకు అలా అనిపించలేదు. తమాల్ విప్పి నలుగురం పంచుకున్నాం.

డిసెంబరు గురించి ఒక్క మాట. 12న గ్వాదలూపే మరియమ్మ పండగ, తెల్లారుజాము నుంచే తారాజువ్వలు, ఆ రోజు నుంచి జనవరి 6 దాకా ఏ ఆఫీసు పనీ కదలదు, కాగితాల పనులు నవంబరులోనే ముగించుకోండి. 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు పోసాదాలు, అంటే మరియమ్మా యోసేపూ బస వెతుక్కున్న కథ ఆడే రాత్రులు. మన ధనుర్మాసం పట్టేది కూడా ఆ రోజుల్లోనే. సగం మంది వీధిలో నిలబడి లోపలికి రానివ్వమని పాడతారు, సగం మంది తలుపు వెనక నుంచి కుదరదని పాడతారు, చివరికి తలుపు తీస్తారు. వేడి వేడి పండ్ల కషాయం, అందులో చెరకు ముక్కలు, జామకాయలు. మేం మూడో రాత్రి వెళ్ళాం, నాన్న పోయాక పాప నన్ను లాక్కెళ్తే నేను నవ్వుతూ నిలబడిన మొదటి చోటు అది.

2025 జనవరి 6న రోస్కాలో బొమ్మ పాపకి వచ్చింది. ఫిబ్రవరి 2కి గిన్నె కావాలని పక్కింటావిడకి చెప్పి ఉంచాను.

జనవరి 13, భోగి. అమ్మ వాళ్ళింట్లో ఈసారి మంట లేదు, ముగ్గు లేదు. అమ్మ ఊరికే ఫోన్ చేసింది. పాప చదువు అడిగింది, చలి అడిగింది, నాన్న ఫోటో ఇప్పుడు ఎక్కడ పెట్టావని అడిగింది. ఫోన్ పెట్టేయబోతూ ఆగింది.

"ఆ చిన్నపిల్లల రోజు ఉంటుందన్నావు కదా. ఏ రోజన్నావు?"

"నవంబరు ఒకటి అమ్మా."

నాకంటే ముందు అమ్మకి ఒక మగపిల్లాడు పుట్టి పోయాడని నాకు తెలుసు. ఒక పిన్ని ఎప్పుడో చెప్పింది. అమ్మ నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. పసిపిల్లలకి తద్దినాలు ఉండవు, ఫోటో లేదు, ఆ రోజు తారీఖు కూడా మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలకలేదు.

"వాడికి పేరు పెట్టలేదే. పురుడు కూడా వెళ్ళలేదు. పేరు లేకపోయినా పెట్టొచ్చేమో మీ పక్కింటావిణ్ణి కనుక్కో" అంది.